లేపాక్షి పసుపు

చూపుకు ఒకేలా ఉండే మూడు పసుపు రంగులలో గోడకు ఏది వేయాలో తేల్చుకోవడం చిన్న పనిగానే తోస్తుంది. కానీ లేపాక్షి వీరభద్రాలయపు కప్పు మీది బొమ్మలు దాదాపు ఐదు వందల ఏళ్లుగా నిలిచి ఉండడంలో ఆ ఎన్నికకు పెద్ద వాటాయే ఉందని నా నమ్మకం.

అచ్యుతదేవరాయల ఏలుబడిలో (1529–1542) విరుపణ్ణ, వీరణ్ణ అనే సోదరులు ఈ గుడిని కట్టించారు. అనంతపురం జిల్లాలో ఉండిన లేపాక్షి 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాకు చెందింది. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వాన కురిసే సీమ ఇది.

ఆ కాలపు చిత్రకారునికి తెలిసిన పసుపులలో మొదటిది మన వంటింటిదే. అయితే ఆ బొమ్మలకు ఆధారం సున్నపు గచ్చు. పసుపునకు సున్నం తగిలితే ఏమౌతుందో దిష్టి తీసే ప్రతి ఇల్లాలికీ తెలుసు: ఎర్రబడుతుంది. పైగా ఎండకు వెలిసిపోతుంది. రెండవది అరిదళం. బంగారపు మెరుపు దానిది. కానీ పాషాణమూ గంధకమూ కలిసిన ఖనిజం కనుక నూరే చేతికి విషం. వెలుతురు సోకగా సోకగా పాలిపోతుంది కూడా. మూడవది పసుపు మన్ను. ఆ మెరుపు దీనికి లేదు. ఇనుపతుప్పు జాతిది కాబట్టి సున్నానికి చెదరదు, ఎండకు వెలవదు. దీనినే కాలిస్తే లోపలి నీరు పోయి ఎర్రమన్ను అవుతుంది.

లేపాక్షిలో ప్రధానంగా చెల్లినవి ఈ మట్టిరంగులే. కిరాతార్జునీయ ఘట్టంలో, పార్వతీ కల్యాణంలో పక్కపక్కనే కనిపించే పసుపూ ఎరుపూ నా కంటికి తోబుట్టువులే. పంటకు ముఖం చాటేసే నేల రంగుకు మాత్రం లోటు చేయదు.

అక్కడ బొమ్మలు చెడిన చోట్ల కప్పు సందులలోంచి దిగిన తడిని తలచుకుంటాను. పాత మిద్దెలకూ గుళ్లకూ నేడు వేస్తున్న ప్లాస్టిక్ రంగులు చేసే కీడు కూడా తడి ద్వారానే. సున్నపు గోడ పీల్చిన తేమను బయటికి వదలాలి. పైన పొర బిగుసుకుంటే ఆ తేమ లోపలే నిలిచి, కొన్నాళ్లకు రంగుతో పాటు గచ్చునూ పెచ్చులుగా రాలుస్తుంది. అప్పుడు పోయేది రంగు ఒక్కటే కాదు, దాని కింద దాగిన పాత గీత కూడా.

అందుచేత పాత ఇంటికి రంగు వేయించబోయే మిత్రులకు నా మనవి ఒకటే. ఏ పసుపు అందంగా ఉందని అడిగే ముందు, ఆ గోడ సున్నానిదా సిమెంటుదా అని అడగండి.