గంటంబావులో ఏం వాయిస్తాడు?

షికాగో హౌస్ మ్యూజిక్ మీద మేం చేసిన ఎపిసోడ్ విన్నవాళ్లలో చాలామంది ఒకటే అడిగారు: "వాళ్లలో ఎవరినైనా మీరు లైవ్‌లో చూశారా?" ఒకాయన్ని చూశాను. చూసి నీరసపడ్డాను కాబట్టే ఎపిసోడ్‌లో ఆ ఊసెత్తలేదు. ఇక్కడ చెప్తాను, పేరు మాత్రం అడక్కండి.

ఇరవై ఏళ్లుగా నా కార్లో ఆయన పాత మిక్సులే మోగుతున్నాయి. పోయిన వేసవిలో ఇక్కడి ఒక ఫెస్టివల్‌కి వస్తున్నాడంటే, పందొమ్మిదేళ్ల మా అమ్మాయిని బతిమాలి మరీ తీసుకెళ్లాను. ఆయన వచ్చాడు, తల దించుకుని తెర చూసుకుంటూ అందరికీ తెలిసిన పాటలు వరసగా వదిలాడు. వెనక లైట్లు, పొగ. ఒక్కసారైనా తలెత్తి మా వైపు చూసినట్టు నాకు గుర్తులేదు. గంటంబావు కాగానే చెయ్యూపి వెళ్లిపోయాడు. "నాన్నా, ఫోన్లో విన్నట్టే ఉంది కదా" అంది అమ్మాయి. నా దగ్గర జవాబు లేకపోయింది.

తప్పెవరిది? పాత కథలోకి వెళ్తే కొంత అర్థమైంది.

1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూలో, చెల్లెలు సిండీ ఏర్పాటు చేసిన పార్టీకి రికార్డులు వేసింది కూల్ హెర్క్. పాటలో డ్రమ్స్ మాత్రమే మోగే ఆ కొన్ని సెకన్ల కోసమే డాన్సర్లు కాచుకుని ఉంటున్నారని ఆయన గమనించాడు. అందుకని ఒకే రికార్డు రెండు కాపీలు పెట్టుకుని, ఒకదాని తర్వాత ఒకటి తిప్పుతూ ఆ ముక్కనే సాగదీశాడు. హిప్‌హాప్‌కి పునాది ఇదే. అంటే ఆ విద్య డాన్సర్లని చూడ్డంలోంచే పుట్టింది.

షికాగోలోనూ అంతే. 1977లో సౌత్ జెఫర్సన్ వీధి 206లో, మూడంతస్తుల పాత భవనంలో వేర్‌హౌస్ క్లబ్ మొదలైంది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో గే యువకులు. బ్రాంక్స్‌లో పుట్టిన ఫ్రాంకీ నకల్స్ వాళ్ల కోసం శనివారం రాత్రి మొదలుపెడితే ఆదివారం తెల్లారినా ఆపేవాడు కాదు. 1979 జూలై 12న కొమిస్కీ పార్క్ బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డులు కుప్పపోసి పేల్చారు. జనం మైదానంలోకి దూకి, రెండో ఆట రద్దయింది. కంపెనీలు డిస్కోకి మొహం చాటేశాయి. కొత్త రికార్డులు తగ్గాక, ఉన్నవాటినే నకల్స్ టేపు మీద కోసి అతికి, తన డాన్సర్లకి నచ్చిన చోట పొడిగించాడు. ఆ క్లబ్ పేరులోంచే "హౌస్" అన్న మాట వచ్చింది.

రాత్రంతా చేతిలో ఉంటే ఒక రికార్డు వేసి చూడొచ్చు, జనం కదలకపోతే ఇంకోటి వెయ్యొచ్చు. గంటంబావు స్లాట్‌లో ఆ ప్రయోగాలకి చోటెక్కడిది? లైట్లు, వీడియోలు ముందే పాటలకి జతచేసి పెట్టుకుంటే, మధ్యలో దారి మార్చడం ఇంకా కష్టం. ఒకప్పుడు డీజే మూలన ఉండేవాడు, డాన్సర్లు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు. ఇప్పుడు అందరం స్టేజీ వైపే తిరిగి నిలబడుతున్నాం. ఆ రోజు నా ఫోన్లో పదకొండు వీడియోలున్నాయి. నేను ఒక్క అడుగైనా వెయ్యలేదు. ఆయన మమ్మల్ని చూడలేదన్నాను గానీ, చూస్తే మాత్రం ఏం కనిపించేది? ఫోన్లే.

అసలు బాధ ఇంకోటుంది. నేను 2003లో ఈ ఊరొచ్చాను. మరుసటి ఏడాదే జెఫర్సన్ వీధిలో ఆ ముక్కకి నకల్స్ పేరు పెట్టారు. ఆయన బతికున్నంతకాలం రికార్డులు వేస్తూనే ఉన్నాడు. ఈసారి కాకపోతే వచ్చేసారి అనుకుంటూ నేను పదకొండేళ్లు గడిపేశాను. 2014 మార్చిలో ఆయన పోయాడు. ఆ లోటు తీర్చుకుందామనే ఈ ఫెస్టివల్‌కి వెళ్లాను.

వేర్‌హౌస్ భవనం ఇంకా ఉంది. 2023లో నగరం దాన్ని చారిత్రక కట్టడంగా ప్రకటించింది. వచ్చే శనివారం అమ్మాయిని అక్కడికి తీసుకెళ్తానన్నాను. "సరే గానీ, నువ్వు వీడియో తియ్యకూడదు" అంది.