మరీనా అనిసినా: జోడీ మారింది, జెండా మారింది

ఒలింపిక్ ఐస్ డ్యాన్స్‌లో జోడీలకే ప్రవేశం. భాగస్వామి దూరమైతే ఎంతటి ప్రతిభ ఉన్నా బరిలోకి దిగే వీలుండదు. మరీనా అనిసినాకు ఈ పరిస్థితి యుక్తవయసులోనే ఎదురైంది.

ఆమె 1975లో మాస్కోలో జన్మించారు. తండ్రి వ్యాచెస్లావ్ అనిసిన్ ఐస్ హాకీ క్రీడాకారుడు. తల్లి ఇరినా చెర్న్యాయెవా ఫిగర్ స్కేటర్. ఇల్యా అవెర్బుఖ్‌తో కలిసి మరీనా 1990, 1992 సంవత్సరాల్లో ప్రపంచ జూనియర్ టైటిళ్లు గెలుచుకున్నారు. అనంతరం అవెర్బుఖ్ మరో స్కేటర్ ఇరినా లోబచెవాతో జతకట్టడంతో ఆమె ఒంటరయ్యారు.

కొత్త భాగస్వామి కోసం ఫ్రాన్స్ స్కేటర్ గ్వెండాల్ పెజెరాకు లేఖ రాశారు. 1993లో లియోన్ చేరి, మరుసటి ఏడాది ఫ్రెంచ్ పౌరసత్వం పొందారు. స్త్రీయే పురుషుణ్ని పైకెత్తే విన్యాసం ఈ జోడీకి ప్రత్యేక గుర్తింపు తెచ్చింది. 1998 నగానో ఒలింపిక్స్‌లో కాంస్యం, 2000లో నీస్‌లో ప్రపంచ టైటిల్ వారికి దక్కాయి.

2002 సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్‌లో వారు స్వర్ణం సాధించారు. ఐస్ డ్యాన్స్‌లో ఫ్రాన్స్‌కు అదే తొలి ఒలింపిక్ స్వర్ణం. రజతం రష్యాకు చెందిన లోబచెవా, అవెర్బుఖ్‌లకు లభించింది. పదేళ్ల క్రితం విడిపోయిన ఇద్దరూ ఒకే పతక వేదికపై, వేర్వేరు జెండాల కింద నిలిచారు.