దక్కనీ నేర్చిన పాదిరులు

హోసూరు, కృష్ణగిరులలో స్థిరపడిన తెలుగువారమగు మాకు దక్కనీ మాటలాడు ముసల్మానులు తరతరాల పొరుగువారు. ఆ పొరుగు భాషకు వ్యాకరణము వ్రాసిన తొలి ఐరోపీయులలో ఒకడు తెలుగును గూడ నేర్చినవాడే యని మనవారిలో కొందరే యెరుగుదురు.

ఆయన బెంజమిన్ షుల్జ్ అను జర్మను పాదిరి. 1719లో తరంగంబాడికి వచ్చి, పిదప చెన్నపట్టణమున నివసించి, బైబిలును తెనిగించెను. పాపము, ఆ యనువాదము అచ్చునకు నోచుకొనలేదు! ముసల్మానులకు బోధించుటకు తెలుగు, అరవములు చాలవు గదా. దక్కనీ నభ్యసించి 1741లో దాని వ్యాకరణమును లాటినున ముగించెను. 1745లో అది హాలే నగరమున వెలువడెను. యూదులకును ముసల్మానులకును క్రైస్తవబోధ చేయుటకై కాలెన్‌బెర్గు పండితుడు 1728లో అచ్చట నెలకొల్పిన సంస్థ షుల్జ్ దక్కనీ బైబిలు భాగములను ప్రకటించెను. తెలుగున అచ్చైన తొలి పుస్తకములుగా నెన్నబడు ఆయన రచనలు సైతము 1746, 1747లలో ఆ హాలేలోనే ముద్రితములయ్యెను. మన అచ్చు పొత్తముల పుట్టుక ముసల్మానులకై సాగిన బోధకు ఇంత చేరువ నుండుట మాకు వింతగా తోచును.

హాలేలో షుల్జ్ కడ అరవము నేర్చిన ష్వార్ట్జ్ పాదిరి త్రోవ వేరు. 1779లో ఆయన కుంఫిణీ రాయబారియై శ్రీరంగపట్టణమున హైదరలీని దర్శించెను. నాడు కృష్ణగిరియు హైదరు ఏలుబడిలోనిదే. హైదరు ఆయన మాటను నమ్మెను, మతమును మాత్రము పుచ్చుకొనలేదు. ఆ నమ్మకమును అల్పమని మేమెంచము. షుల్జ్ వ్యాకరణమును నేడు చదువువారు దక్కనీ చరిత్ర నరయు భాషాశాస్త్రజ్ఞులే.