కార్కు నగరపు గిటారు: రోరీ గాలహర్ జీవితము



నేటి ప్రసంగమునకు నేనెన్నుకొన్న విషయమును విని మీలో పెద్దలు కొందరు నవ్వుకొందురేమో. హరికథలును, నాటకపద్యములును, ఏకాహభజనలును వినుచు ముదిసినవాడు, ఎక్కడనో ఐర్లాండు దేశమున రాక్ సంగీతము వాయించిన యొకని గూర్చి మాటాడుటేమి? నాకును మొదట నట్లే తోచినది. మా మనుమడు ఒకనాటి రాత్రి యాతని గిటారును వినిపింపగా “ఆ రొద కట్టిపెట్టరా” యని కసరితిని. వాడు కట్టిపెట్టలేదు. కొంతసేపటికి ఆ రొదలోనుండి యొక తీగ, గోటువాద్యమున కొయ్యముక్క తంత్రిపై జారినపుడు పలుకు గమకమువలె, మెల్లగా వంగి పైకి లేచినది. అది విని పోబోయినవాడను నిలిచిపోతిని. పిదప నాతని చరిత్రమును విచారించితిని. వాద్యముకంటెను చరిత్రమే నన్ను ఎక్కువగా పట్టినదని ముందుగనే చెప్పుచున్నాను. రాక్ సంగీతమంతయు నాకు రుచించునని మాత్రము మీరు తలపవలదు.

రోరీ గాలహర్ 1948వ సంవత్సరము మార్చి 2వ తేదీని, ఐర్లాండు వాయవ్యభాగమున డొనెగల్ మండలములోని బాలీషానన్ అను చిన్న పట్టణమున జన్మించెను. ఆతడు పుట్టిన యాసుపత్రి పేరు రాక్ ఆసుపత్రి. ఆ రాక్ అనగా బండ. సంగీతమునకు పెట్టిన రాక్ అను పేరు ఊగుట నుండి వచ్చినది. అయినను ఆతని అభిమానులు ఈ మాటను చెప్పుకొని సంతోషింతురు. ఆ కాలమున ఎర్న్ నదిమీద జలవిద్యుత్కేంద్రమును కట్టుచుండిరి. తండ్రి ఆ పనిలో నుండెను. విద్యుత్తుతో పలుకు వాద్యమును చేపట్టవలసినవాడు విద్యుత్తు పుట్టించు ఆనకట్టయొద్దనే పుట్టుట వింతయే. తండ్రి మన హార్మోనియమునకు చుట్టమైన అకార్డియనును వాయించెడివాడు. తల్లి పాడునది, నాటకములలో వేషము కట్టునది. తరువాత కుటుంబము డెర్రీ నగరమునకు మారెను. అటుపిమ్మట తల్లి తన యిద్దరు కొడుకులను వెంటబెట్టుకొని దక్షిణమున తన పుట్టినూరైన కార్కు నగరమునకు వచ్చి చేరెను. లీ నదీతీరమున నున్న ఆ కార్కే రోరీకి సొంత యూరు.

ఆతనికి గురువెవరని యడిగితిరా, ఈ నా మాటలను మీ చెవులకు చేర్చుచున్న రేడియోయే. ఐరోపాలో విడిసియున్న అమెరికా సైనికులకై నడుపబడిన ప్రసారములను ఆ పిల్లవాడు రాత్రులయందు వినెడివాడు. అందులో బ్లూస్ అను పాటలు వచ్చెడివి. అమెరికా దక్షిణరాష్ట్రములలో, పత్తిచేలలో బానిసలుగా పనిచేసిన నల్లజాతివారి సంతతి తమ కష్టమును చెప్పుకొన పాడుకొన్న పాటలవి. రాక్ సంగీతమునకు వేరు అక్కడనే యున్నది. తొమ్మిదేండ్ల ప్రాయమున తల్లిదండ్రులు కొనియిచ్చిన గిటారుపై, విన్నదానిని వ్రేళ్లతో వెదకికొనుచు, ఆతడు తనంతట తానే నేర్చెను.

ఇక నా వాద్యము కథ. 1963లో కార్కులోని యొక సంగీతవాద్యముల అంగడిలో ఒక పాత విద్యుత్ గిటారు అమ్మకమునకు వచ్చెను. 1961లో అమెరికాలో చేయబడిన స్ట్రాటోకాస్టర్ అను జాతి గిటారు అది. దాని రహస్యము పెద్దదేమియు కాదు. మన వీణకు కుండయు, తంబురకు బుర్రయు నాదమును పెంచును. దీనికి అట్టి కడుపు లేదు. గట్టి కొయ్యపలక మాత్రమే. ఉక్కుతీగల క్రింద అయస్కాంతములును, వానిచుట్టు సన్నని రాగితీగ చుట్టలును ఉండును. తీగ కంపించినపుడు ఆ చుట్టలో స్వల్పమైన విద్యుత్ప్రవాహము పుట్టును. దానిని యంత్రము పెద్దచేసి స్పీకరు ద్వారమున వినిపించును. తీగను నొక్కిపట్టి ప్రక్కకు లాగినచో స్వరము వంగును. ఇది వీణ వాయించువారికి క్రొత్త కాదు.

దాని ధర 100 పౌండ్లు. పదునైదేండ్ల బాలునికి, తల్లియు తానును తమ్ముడునుగా సాగుచున్న సంసారమునకు, అది కొండంత యప్పు. తల్లి వెనుదీసెను. వంతులమీద తీర్చెదనని యామె నొప్పించి రోరీ ఆ గిటారును ఇంటికి తెచ్చుకొనెను. మరణమువరకును ఆతని చేతిలో ప్రధానవాద్యము అదియే. పెద్ద పేరు వచ్చిన పిదప గదినిండ వాద్యములను కొనగలిగియు దానిని విడువలేదు. ఒకసారి డబ్లిన్ నగరమున దొంగలు దానిని బండిలోనుండి ఎత్తుకొనిపోయిరి. కొన్ని దినములకు ఒక గుంటలో, వానకు తడిసి పడియుండగా దొరికెను. ఆతడు వేదికపై స్నానము చేసినట్లు చెమటలు గ్రక్కుచు వాయించెడివాడు. ఆ చెమటకు గిటారుమీది రంగు పెచ్చులుగా లేచి క్రమముగా కొయ్య బయటపడెను. మరల రంగు వేయింపలేదు.

అప్పు తీర్పవలెను గనుక ఆతడు మొదట బ్యాండుమేళములలో చేరెను. ఆ దినములలో ఐర్లాండు పల్లెలందును పట్టణములందును నాట్యశాలలుండెడివి. వానిలో పదిమందిదాక గల మేళములు ఆనాటి జనరంజకములైన పాటలను ఉన్నవి ఉన్నట్లు వాయించి యువతీయువకులను ఆడించెడివి. మన పెండ్లిబ్యాండులు సినీమాపాటలు వాయించుట వంటిదే. ఈస్టరు పండుగకు ముందు ఉపవాసదినములలో నాట్యశాలలు మూతపడగా మేళములు ఇంగ్లండునకు పొట్టపోసికొన పోయెడివి. ఆ చాకిరిలో రోరీ చేతికి వడి వచ్చెను. కాని మనసునకు తృప్తి లేకపోయెను. 1966లో మేళమును విడిచి టేస్ట్ అను ముగ్గురు మనుష్యుల బృందమును కట్టెను. ఆ బృందము బెల్ఫాస్టులోను, పిదప లండనులోను పేరు గాంచి, 1970లో వైట్ ద్వీపమున జరిగిన మహాసంగీతోత్సవమున వాయించి, ఆ సంవత్సరమే విచ్ఛిన్నమయ్యెను. తరువాత తన పేరిటనే కచేరీలు చేసెను. ఒక ఆంగ్ల సంగీతపత్రిక పాఠకులు ఆతనిని ఎరిక్ క్లాప్టన్ అనువానికంటెను మిన్నగా నెంచి ఉత్తమ గిటారువాదకుడని యెన్నుకొనిరి. అంత పేరు వచ్చినను వేషము మాత్రము మారలేదు. గళ్లచొక్కాయు, ముదుక లాగును. ఒక్కొక్క పాటను చిన్న రికార్డుగా వేసి అమ్మిన ధనము రాలునని వర్తకులు చెప్పినను ఆతడు ఇష్టపడలేదు.

ఇప్పుడు నేను ముఖ్యముగ చెప్పదలచిన చోటికి వచ్చితిని.

1921లో ఐర్లాండు రెండుగా చీలెను. దక్షిణము స్వతంత్రమార్గమున నడువగా, ఉత్తరమున ఆరు మండలములు బ్రిటిషురాజ్యమునందే నిలిచెను. ఆ ఆరింటిలోని కాథలిక్కులలో పెక్కుమంది దక్షిణముతో ఐక్యమును, ప్రొటెస్టంట్లలో పెక్కుమంది బ్రిటనుతో ఐక్యమును కోరిరి. 1960ల చివర రగిలిన కలహము 1998లో ఒడంబడిక కుదురువరకు సుమారు 3,500 మందిని బలిగొనెను. 1972 ఒక్క సంవత్సరముననే దాదాపు 480 మంది చనిపోయిరి. బెల్ఫాస్టు నగరమున చీకటి పడినంతనే వీధులు నిర్మానుష్యము లయ్యెడివి. సైనికులు తనిఖీ చేయని దారి లేదు. పైదేశపు సంగీతబృందములు ఆ నగరమునకు వచ్చుట మానివేసెను.

రోరీ మానలేదు. ఐర్లాండున పర్యటించినప్పుడెల్ల, తరచుగా క్రొత్తసంవత్సరపు దినములలో, బెల్ఫాస్టులోని అల్స్టర్ హాలున వాయించెను. ఆతడు కాథలిక్కు, దక్షిణమువాడు. ఆతని ప్రక్కన వాయించినవారిలో పలువురు బెల్ఫాస్టు బిడ్డలు. ఏ పక్షము జెండాను పట్టలేదు. పగలు ఒకరి వీధిలోనికి ఒకరు పోజాలని యువకులు ఆ రాత్రి ఒక కప్పుక్రింద ఒకేమారు చేతులు చరచిరి. 1974 జనవరిలో బెల్ఫాస్టు, డబ్లిన్, కార్కు నగరములలో చేసిన కచేరీలు రికార్డుగాను చలనచిత్రముగాను నిలిచియున్నవి. అది ఆటపాటల వ్యవహారమని తేలికగా తీసివేయకుడు. మరుసటియేడు, 1975 జూలై 31 తెల్లవారుజామున, ఉత్తరమున కచేరీ ముగించుకొని డబ్లినుకు మరలుచున్న మయామీ అను మేళమును, సైనికదుస్తులు తొడిగిన సాయుధులు దారిలో ఆపి, ముగ్గురు గాయకవాదకులను కాల్చిచంపిరి. అటుపైనను రోరీ ఆ దారినే పోయి వాయించెను.

ఇది చదివినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. ఎందులకో చెప్పెదను. ఊరిలో రెండు పక్షములు పడినపుడు ఏమి జరుగునో మీరెరుగుదురు. శ్రీరామనవమి పందిరి రెండగును. ఒక పందిట పాడినవాడు రెండవ పందిరి నీడ త్రొక్కడు. మా యూర మూడేండ్లు అట్లు జరిగెను. నేను ఒక పందిట హార్మోనియము పట్టినవాడను. రెండవ పందిరినుండి, చిన్ననాట నాతో కలిసి స్వరములు దిద్దిన స్నేహితుడే వచ్చి, “ఒక్క రాత్రికి రారాదా, బావా” యని పిలిచెను. మావారేమనుకొందురో యని పోలేదు. అక్కడ తుపాకులు లేవు, బాంబులు లేవు. నలుగురి మాటలు మాత్రమే యుండెను. ఆ స్నేహితుడు నేడు లేడు.

రోరీ కథలో మరియొక్క ఘట్టము. 1975 జనవరిలో రోలింగ్ స్టోన్స్ అను లోకప్రసిద్ధమైన బృందమున గిటారువాదకుని స్థానము ఖాళీ కాగా, వారు రోరీని రాటర్డామ్ నగరమునకు పిలిపించిరి. కొన్ని రాత్రులు వారితో వాయించెను. ఇంతలో జపానులో తాను ఒప్పుకొన్న కచేరీల దినము సమీపించెను. ఆతడు గిటారును పెట్టెలో పెట్టుకొని జపానునకు వెడలిపోయెను. మాట ఇచ్చినచోటికి పోయెనని నేను మెచ్చుకొందును. మా మనుమడు మాత్రము అది వెర్రితనమనును.

చివరి దినములు దుఃఖకరములు. ఆతడు పెండ్లాడలేదు. సంవత్సరములో ఎక్కువభాగము దారులమీదనే గడచెను. తమ్ముడు డోనల్ వ్యవహారములు చూచుకొనెడివాడు. విమానమన్న భయము పట్టుకొనగా మందులు మ్రింగెను. వానితో మద్యమును చేరెను. ఆ రెండును కూడి కాలేయమును చెరచెను. దీనిని కప్పిపుచ్చుట నా కిష్టము లేదు. 1995 జనవరిలో నెదర్లాండ్సులో చేసిన కచేరీయే కడపటిది. లండనులో కాలేయమును మార్చి శస్త్రచికిత్స చేసిరి; పిదప సోకిన అంటుదోషమువలన జూన్ 14వ తేదీని కన్నుమూసెను. వయస్సు 47. కార్కు సమీపమున బాలిన్‌కాలిగ్ వద్ద సమాధి చేసిరి.

1997లో కార్కు నగరమున ఒక కూడలికి ఆతని పేరు పెట్టి లోహశిల్పమును నిలిపిరి. 2010లో పుట్టినూరు బాలీషాననున విగ్రహము లేచెను. 100 పౌండ్ల అప్పుగా ఇల్లు చేరిన ఆ గిటారును 2024 అక్టోబరులో లండనున వేలము వేయగా 8,89,400 పౌండ్లు పలికెను. అది ఏ ధనికుని మేడలోనో మరుగుపడునని అభిమానులు భయపడిరి. కొన్నవారు దానిని ఐర్లాండు జాతీయ ప్రదర్శనశాలకు కానుకగా నిచ్చిరి. రంగు పోయినచోట కొయ్య అట్లే కనబడుచున్నది.

2025లో బెల్ఫాస్టువారును కంచువిగ్రహమును నిలిపిరి. దాని నెక్కడ నిలుపవలెనని వారు దూరము వెదకలేదు. అల్స్టర్ హాలు ముంగిటనే, గిటారుతో, ఆతడు నిలిచియున్నాడు.