డూకో నుంచి సిరామిక్ దాకా

కొత్త కారు కొన్నవాళ్లు "సిరామిక్ వేయించాలా, ఫిల్మ్ వేయించాలా?" అని అడుగుతున్నారు. డబ్బు కట్టేముందు కాస్త పాత సంగతి.

మన షెడ్లలో ఇప్పటికీ వినపడే 'డూకో' అనే మాట 1920లలో అమెరికాలో డ్యూపాంట్ తెచ్చిన కారు రంగు పేరు. అంతకుముందు రంగు ఆరడానికి వారాలు పట్టేది. దీంతో గంటల్లో పని అయిపోయింది. 1998లో మన తిరువళ్లూరు దగ్గర హిందుస్థాన్ మోటార్స్ ఫ్యాక్టరీలో మిత్సుబిషి లాన్సర్లు తయారయ్యే రోజుల్లో కూడా రంగుకు రక్షణ అంటే మనకు వ్యాక్స్ పాలిషే. బ్రెజిల్ తాటిజాతి చెట్ల ఆకుల నుంచి తీసే కార్నాబా మైనం భలే మెరుస్తుంది, కానీ పూండి ఎండకు రెండు మూడు నెలలు నిలిస్తే గొప్ప.

పీపీఎఫ్ ఫిల్మ్ మూలం యుద్ధంలో ఉంది. వియత్నాంలో హెలికాప్టర్ రెక్కలను ఇసుక, రాళ్ల నుంచి కాపాడటానికి అంటించిన పాలియురేథేన్ పొర అది. రాయి దెబ్బను ఆపేది ఇదొక్కటే. ఖరీదు మాత్రం ఎక్కువ. తిరుత్తణి రోడ్డులో లారీల వెనక రోజూ తిరిగేవాళ్లు బానెట్‌కు, ముందు బంపర్‌కు వేయించుకుంటే చాలని మా అభిప్రాయం.

సిరామిక్ పూత రెండు మూడేళ్లు ఉంటుంది, నీళ్లు జారిపోతాయి, దుమ్ము తేలిగ్గా వదులుతుంది. వాళ్లు చెప్పే '9హెచ్' గట్టిదనం పెన్సిల్ గీతలతో కొలిచేది. రాయి తగిలితే రంగు లేస్తుంది. బోరునీళ్లతో కడిగి ఎండలో వదిలేస్తే దానిమీదా తెల్ల మరకలు పడతాయి. నీడలో కడిగి వెంటనే తుడవండి.