సెరెస్‌పై తెల్లని మచ్చలు: ఒక వ్యాఖ్యాన చరిత్ర

1801 జనవరి 1న పలెర్మోలో పియాజీ కనుగొన్న సెరెస్ రెండు శతాబ్దాలపాటు దూరదర్శినులకు వెలుగుచుక్కగానే మిగిలింది. 2015 ఆరంభంలో డాన్ నౌక సమీపించినపుడు, 92 కిలోమీటర్ల వ్యాసంగల ఆకేటర్ బిలంలో తెల్లని మచ్చలు స్పష్టమైనవి. తెలుపు గనుక మంచేనని పలువురు తలచారు. ఆ తొందర సహజమే. అయితే ఛాయాచిత్రం తెలిపేది ప్రకాశాన్నే గాని పదార్థాన్ని కాదు. ఆ డిసెంబరులో, కెమెరా వడపోతలలో నమోదైన రంగుల ఆధారంగా ఒక బృందం మెగ్నీషియం సల్ఫేటును ప్రతిపాదించింది. 2016లో పరారుణ వర్ణపట విశ్లేషణ ఆ రెండు ఊహలనూ పక్కకు నెట్టి సోడియం కార్బొనేటును చూపింది. అది మన చాకలిసోడాలోని లవణమే. లోపలినుండి ఉబికిన ఉప్పునీరు ఆవిరికాగా మిగిలినదది. దీనితో బిలం నడుమ ఉన్న గోపురాకారపు ఉబ్బు, దానిపై పగుళ్లు కొత్త అర్థాన్ని పొందాయి. 2020 నాటి పరిశోధనలు ఆ ఉప్పునీటి నిల్వను సుమారు 40 కిలోమీటర్ల లోతున ఊహించాయి.