తూంకుంట వాళ్ల సముద్రం

ఆదివారం మధ్యాహ్నం మూడు దాటిందంటే తూంకుంటలో రాజీవ్ రహదారి దాటడానికి గుండె ధైర్యం కావాలి. సికింద్రాబాద్ దిక్కు నుంచి వచ్చే కార్లలో కొన్ని ఫంక్షన్ హాళ్ల ముందు ఆగుతాయి, తక్కినవి ఆగకుండా శామీర్‌పేట చెరువుకు పోతాయి. విశాఖ వాళ్లకు ఆర్కే బీచ్ ఎట్లాగో, అల్వాల్, బొల్లారం, తిరుమలగిరి వాళ్లకు ఆ చెరువు అట్లా. ఇంటిల్లిపాదీ వచ్చి నీళ్లు చూస్తారు, ఫొటోలు దిగుతారు, కాల్చిన మక్కకంకి తింటారు, చీకటి పడ్డాక ట్రాఫిక్‌ను తిట్టుకుంటూ ఇళ్లకు మళ్లుతారు. దారిలో తూంకుంట అనే ఊరొకటి ఉందని, చాయ్ తాగాలనిపిస్తే తప్ప వాళ్లకు పట్టదు.

వాళ్లను తప్పు పట్టే పని లేదు. ఈ నేల సముద్రాన్ని రెండుసార్లు పోగొట్టుకుంది. గోల్కొండ సుల్తానుల కాలంలో మన రేవు మచిలీపట్నం. అద్దకం బట్టలు అక్కడే ఓడలెక్కేవి. 1759లో ఇంగ్లిషు వాళ్లు ఫ్రెంచి వాళ్ల చేతిలోంచి ఆ పట్నాన్ని గుంజుకున్నాక, సలాబత్ జంగ్ దాన్ని చుట్టుపక్కల సీమతో సహా వాళ్లకే రాసిచ్చాడు. కొన్నేళ్లకు ఉత్తర సర్కార్లూ చేజారాయి. 1956లో ఆంధ్రప్రదేశ్‌తో తీరం మళ్లీ వచ్చింది, 2014 జూన్ 2న మళ్లీ పోయింది. ఇప్పుడు అలలు చూడాలంటే బాపట్ల దగ్గరి సూర్యలంక దాకా కారులో కూర్చోవాలి, లేదా సికింద్రాబాద్‌లో రాత్రి రైలెక్కి తెల్లారి విశాఖలో దిగాలి. ఈ బాధ చూడలేకనేమో, 2025లో ప్రభుత్వం కొత్వాల్‌గూడలో 35 ఎకరాల్లో కృత్రిమ బీచ్ ప్రతిపాదన తెచ్చింది, 225 కోట్ల రూపాయల అంచనాతో. కడితే కట్టనీ. ఉన్న చెరువును చూడటం తెలియని వాళ్లకు కట్టిన సముద్రం ఎన్నాళ్లు ఆనుతుందన్నదే నా అనుమానం.

శామీర్‌పేట చెరువు షికారు కోసం పుట్టింది కాదు. నిజాం కాలంలో పొలాల కోసం కట్టింది. కట్ట మీద నిలబడ్డ వాళ్లందరూ నీళ్ల దిక్కే చూస్తారు. వెనక్కి తిరిగి చూడమని నేను చుట్టాలకు చెబుతుంటాను. చెరువు ఎందుకుందో తెలిసేది కట్ట కింద ఆయకట్టును చూసినప్పుడే. మా దిక్కు పాత తూములు చూస్తే ఆ పనితనం అర్థమవుతుంది. కట్టకు కాస్త లోపల, నీళ్లలో రెండు రాతి కంభాలు నిలబెట్టి, వాటి నడుమ కింద ఒక తొర్ర, దానికి చెక్క బిరడా. నీరటి ఈదుకుంటూ పోయి ఆ బిరడాను ఎంత లేపాలో అంత లేపేవాడు. కాలువ చివరి మడికి నీళ్లు చేరాయో లేదో చూసుకుని, రాత్రి పూట కూడా కట్ట మీద తిరిగేవాడు. పంట ఇంటికొచ్చేటప్పుడు కల్లం దగ్గరే అతని వాటా గింజలు కొలిచి పోసేవాళ్లు. ఇప్పుడు తూంకుంటలో నీరటి అంటే ఏమిటని పిల్లలనడిగితే వాటర్ ట్యాంకర్ డ్రైవరా అంటారు. అందులో అబద్ధమూ లేదు, నీళ్లు పంచేది అతనే కదా.

చెరువు చూడదగ్గ చోటుగా మారిందంటే దాని వెనక రోడ్డు ఉంది. జూబ్లీ బస్ స్టేషన్‌లో సిద్దిపేట, కరీంనగర్ బస్సు ఏది ఎక్కినా చెరువు పక్క నుంచే పోవాలి. ఊరికి దగ్గర, నీళ్లున్నాయి, చుట్టూ బండలున్నాయి, కాబట్టి సినిమా వాళ్లు వచ్చారు. తర్వాత పర్యాటక శాఖ వాళ్ల కాటేజీలు, పక్కనే జవహర్ జింకల పార్కు. పార్కులో చుక్కల జింకల కంటే నెమళ్లే త్వరగా కనబడతాయి, పొద్దున్నే వెళ్లినవాళ్లకు మాత్రం. చలికాలంలో చెరువు దగ్గర బైనాక్యులర్లు మెడలో వేసుకున్నవాళ్లు కనిపిస్తారు. అవి లేకపోయినా కొంగలు, నీటికాకులు, లకుముకి పిట్టలు మామూలు కంటికే ఆనుతాయి. 1998లో ఏర్పడ్డ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఇక్కడికొచ్చింది, 2008లో బిట్స్ పిలానీ తన హైదరాబాద్ క్యాంపస్‌ను జవహర్‌నగర్ వైపు తెరిచింది. అవతల తుర్కపల్లి చుట్టూ జీనోమ్ వ్యాలీ పెరిగింది. 2020 నవంబర్ 28న కొవాగ్జిన్ టీకా పని చూడటానికి ప్రధాని హకీంపేట వైమానిక స్థావరంలో దిగి అక్కడి భారత్ బయోటెక్‌కు వెళ్లినప్పుడు, దేశంలోని టీవీలన్నీ ఒక్క పూట మా దిక్కు చూశాయి.

తూంకుంట విషయానికొస్తే, మా దగ్గర చూడాల్సింది అంతకు ముందే పోయింది. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతం ఒకప్పుడు ద్రాక్ష తోటల నేల. అనాబ్ ఎ షాహీ అని పొడుగు పండ్ల రకం, ఎకరాకు ఇన్ని టన్నులని చెబితే పరాయి రాష్ట్రం వాళ్లు నమ్మేవాళ్లు కాదు. రాతి కంభాలు పాతి, మీద తీగలు అల్లిన పందిళ్లు. ఫిబ్రవరి, మార్చిలో కోతలు మొదలైతే పందిరి కింద వంగి నడిచే కూలీల తలలకు గుత్తులు తగిలేవి. బోర్లు ఎండాయి, కూలి పెరిగింది, అన్నిటికీ మించి భూమి ధర పండు ధరను మింగేసింది. తోట తీసేసినవాళ్లు రాతి కంభాలను పారేయలేదు, ప్లాట్లకు కంచె కంభాలుగా నాటారు. ఎక్కడైనా ఖాళీ జాగా చుట్టూ ఒకే ఎత్తున పాత రాతి కంభాలు కనిపిస్తే, తల దగ్గర తీగ గుచ్చిన రంధ్రం ఉందేమో చూడండి. ఆ జాగాల్లోనే ఇప్పుడు రిసార్టులు, కన్వెన్షన్ హాళ్లు, ఫామ్‌హౌస్‌లు.

పక్కనే దేవరయాంజాల్. అక్కడి సీతారామచంద్రస్వామి గుడి చిన్నదే, పేరు మాత్రం 2021లో పత్రికల మొదటి పేజీకెక్కింది, 1,521 ఎకరాల గుడి మాన్యం ఎవరి చేతుల్లో ఉందో తేల్చమని ప్రభుత్వం ఐఏఎస్ అధికారుల కమిటీ వేసినప్పుడు. ఆ దారిలో వెళ్తే వరుసగా గోదాములు. చూడటానికి వచ్చినవాళ్లు గుడికి దండం పెట్టుకుని, గోదాములను కూడా ఒకసారి చూసి పోవాలని నా కోరిక. ఊరి చరిత్ర కోట గోడల మీదే రాసి ఉండాలని ఏం లేదు.

పిల్లలకు మాత్రం మా దగ్గర దొరికే అసలు వేడుక ఆకాశంలో ఉంటుంది. హకీంపేటలో వైమానిక దళం శిక్షణ ఇస్తుంది కాబట్టి, పని దినాల్లో విమానాలు, హెలికాప్టర్లు చక్కర్లు కొడుతూనే ఉంటాయి. టికెట్ లేదు. ఇంకాస్త వెనక్కి, బొల్లారంలో రాష్ట్రపతి నిలయం ఉంది. 1860లో కట్టిన ఆ రెసిడెన్సీ భవనాన్ని 2023 ఉగాది నుంచి ఏడాది పొడుగునా జనానికి తెరిచారు. చెరువుకు వచ్చేవాళ్లు పొద్దున అది చూసుకుని సాయంత్రానికి ఇటు వస్తే, రోజు సరిపోతుంది.

చెరువు దగ్గర బండలెక్కి కూర్చునేవాళ్లకు ఒక మాట. ఈ గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఎండకు పగిలి, వానకు కరిగి, వాగుల్లో కొట్టుకుపోయి, కృష్ణా గోదావరుల ద్వారా బంగాళాఖాతం చేరే ఇసుకలో ఇలాంటి దక్కను బండల పొడి ఉంటుంది. సూర్యలంకలో చెప్పులు విప్పి నడిచేవాళ్లు మా బండల మీదే నడుస్తున్నారని మేం గొప్పలు పోతుంటాం.

రావడానికి మంచి కాలమంటే వానలు గట్టిగా పడ్డ ఏడాది సెప్టెంబర్, అక్టోబర్. మత్తడి దుంకిందని తెలిస్తే చుట్టుపక్కల ఊళ్లన్నీ కదులుతాయి. కింద మోకాళ్ల లోతు నీళ్లలో దోమతెరలు, పాత చీరలు పట్టుకుని నిలబడతారు. ఎదురీదే చేప వాటిలో పడుతుంది. రవ్వ, బొచ్చె ఎప్పుడూ దొరికేవే, కొర్రమీను పడ్డవాడు మాత్రం ఎవరికీ చెప్పకుండా సైకిల్ ఎక్కేస్తాడు. కట్ట మైసమ్మకు మొక్కులు తీర్చే వాళ్లు, వినాయకులతో వచ్చే లారీలు, సద్దుల నాడు బతుకమ్మలు ఎత్తుకొచ్చే ఆడవాళ్లు, అందరికీ అదే కట్ట. అలియాబాద్ దగ్గరి రత్నాలయం గుడికి వెళ్లేవాళ్లు దారిలో ఆగి దండం పెట్టుకుని పోతారు.

ఈత మాత్రం వద్దు. కొన్ని బీచ్‌లలో నేల మెల్లగా వాలుతుంది. చెరువులో అట్లా కాదు, మట్టి తవ్వుకుపోయిన గుంతలు నీళ్ల కింద కనబడవు, అడుగున బురద కాలిని వదలదు. ఎండాకాలం సెలవుల్లో ఇక్కడ మునిగిపోయిన కుర్రాళ్ల వార్తలు చదివి చదివి మా ఊరి వాళ్లకు కోపం వస్తుంది. నీళ్లలోకి దిగుతున్నవాళ్లను చూస్తే పెద్దలు ఊరుకోరు, బిడ్డా, పైకి రా అని అరుస్తారు. పట్నం పిల్లలు కొందరు దాన్ని మర్యాద లేకపోవడం అనుకుంటారు, అనుకోనీ.

గ్రామ పంచాయతీగా ఉన్న తూంకుంట మున్సిపాలిటీ అయ్యింది, 2020 జనవరిలో తొలి ఎన్నికలు చూసింది. 2025 చివర్లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలపాలని ప్రభుత్వం నిర్ణయించిన 27 పట్టణాల్లో మాదీ ఒకటి. ప్యారడైజ్ దగ్గర నుంచి శామీర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు దాకా సుమారు 18 కిలోమీటర్ల ఎలివేటెడ్ కారిడార్‌కు 2024 మార్చి 7న శంకుస్థాపన జరిగింది. జూబ్లీ బస్ స్టేషన్ నుంచి శామీర్‌పేటకు 22 కిలోమీటర్ల మెట్రో కూడా ప్రతిపాదనలో ఉంది. అవి వస్తే చెరువుకు వచ్చే ఆదివారపు కార్లు మా తలల మీదుగా పోతాయి, రోడ్డు దాటడం సులువవుతుంది. చాయ్ హోటళ్ల వాళ్లకు మాత్రం ఇప్పటినుంచే ఒకటే ప్రశ్న: కిందికి దిగే దారి ఎక్కడ ఇస్తారట?